మొదటి ఆర్‌పీజీ చేద్దామని కూర్చున్నా, ఏ ఇంజిన్ పట్టుకోవాలి?

గుహలోదీపం

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఆర్‌పీజీలు (రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, కథలో ఒక పాత్రగా ఆడే ఆటలు) ఆడుతున్నాను, ఇప్పుడు ఒకటి సొంతంగా చేయాలని మనసులో పడింది. పైథాన్ భాషలో ప్రోగ్రామింగ్ కొద్దిగా వచ్చు. లూప్‌లు, ఫంక్షన్లు, ఒకట్రెండు చిన్న ప్రోగ్రాములు, అంతే. బొమ్మలు గీయడం అస్సలు రాదు. రోజూ రాత్రి గంట, మహా అయితే గంటన్నర కూర్చోగలను. ల్యాప్‌టాప్ పాతది, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

ఆట ఆలోచన ఇది. పైనుంచి చూసే 2డి. వంతులవారీ యుద్ధాలు. ముగ్గురు స్నేహితులు, పన్నెండు ఊళ్లు, మనం తీసుకునే నిర్ణయాలను బట్టి అయిదు ముగింపులు. ఓ 20 గంటల ఆట.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు, అదే ఇంజిన్ల గురించి వారం నుంచి వీడియోలు చూస్తున్నా. ఒకరు యూనిటీ అంటారు, ఒకరు గోడో అంటారు, ఇంకొకరు అన్‌రియల్ తప్ప మిగతావన్నీ దండగ అంటారు. ఇప్పటివరకు నా స్క్రీన్ మీద ఒక్క బొమ్మ కూడా కదల్లేదు. ఏది పట్టుకోమంటారు?

ట్రిపుల్‌బఫర్

20 గంటలు, పన్నెండు ఊళ్లు, అయిదు ముగింపులు, రోజుకు గంట. ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి.

పాతసేవ్‌ఫైల్

ఆర్‌పీజీ మేకర్ ఎంజెడ్, ఆర్‌పీజీలు చేయడానికే ఉన్న ఇంజిన్. ఇంకో మాట లేదు.

అని ఆపేద్దామనుకున్నా గానీ, ఎందుకో చెప్పకపోతే నోడ్‌పిచ్చి వచ్చి ఉతికేస్తారు.

ఆర్‌పీజీలో పైకి కనబడేది మనిషి నడవడం, రాక్షసుణ్ణి కొట్టడం. అసలు పని కనబడదు. సంచిలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయి, కత్తి మారిస్తే ఏ అంకె ఎంత పెరుగుతుంది, లెవెల్ పెరిగితే ఏ మంత్రం వస్తుంది, విషం ఎక్కితే ఎన్ని వంతులు ఉంటుంది, ఎవరితో ఏం మాట్లాడాం, ఏ పెట్టె తెరిచేశాం. ఇదంతా సేవ్ చేసి, రేపు తెరిస్తే మళ్లీ అచ్చం అలాగే ఉండాలి. మామూలు ఇంజిన్‌లో ఇవన్నీ మీరే కట్టుకోవాలి. ఎంజెడ్‌లో డేటాబేస్ తెరిస్తే పాత్రలు, క్లాసులు, స్కిల్స్, వస్తువులు, ఆయుధాలు, శత్రువులు, శత్రువుల గుంపులు, స్టేట్స్ (విషం ఎక్కడం లాంటి స్థితులు) అన్నీ వరసగా ట్యాబుల్లో ఉంటాయి. నింపుకుంటూ పోవడమే. సేవ్ మెనూ మొదటి రోజు నుంచే పనిచేస్తుంది. ఆ ఒక్క మెనూ సొంతంగా కట్టడానికి ఒకప్పుడు నాకు ఎన్ని రాత్రులు పట్టిందో అడక్కండి.

ఇది పిల్లల బొమ్మ అని తీసిపారేసేవాళ్లకు ఒక మాట. టు ద మూన్ 2011లో వచ్చింది, ఆర్‌పీజీ మేకర్ పాత వెర్షన్ ఎక్స్‌పీలో చేశారు. లీసా 2014, వీఎక్స్ ఏస్. ఒమోరి 2020, ఎంవీ. ఫియర్ అండ్ హంగర్ కూడా ఎంవీయే. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి అస్సలు పోలవు.

నోడ్‌పిచ్చి

ఉతకడానికే వచ్చా.

ఆ నాలుగూ మంచి ఆటలే, కాదనను. కానీ అదే ఇంజిన్‌లో వచ్చి, తెరవగానే అదే నీలం కిటికీ, అదే ఫాంటు, అదే స్లైమ్ కనబడే ఆటలు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పాలి కదా. డిఫాల్ట్ దాటి ఒక్క అడుగు వేయాలంటే ప్లగిన్ (వేరేవాళ్లు రాసిన అదనపు కోడ్) వెతుక్కోవాలి. రెండు ప్లగిన్లు ఒకే ఫంక్షన్‌లో వేలు పెడితే ఆట పడిపోతుంది. ఆ తగవు తీర్చడానికి జావాస్క్రిప్ట్ రావాలి. అంటే కోడ్ తప్పించుకుందామని వెళ్లి, చివరికి వేరేవాళ్ల కోడ్ మధ్యలో దూరి వెతుక్కోవడం.

దీపం గారూ, పైథాన్ కొద్దిగా వచ్చన్నారు కాబట్టి గోడోలో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్ ఒకసారి చూడండి. ఇండెంటేషన్ దగ్గర్నుంచి తెలిసినదానిలాగే ఉంటుంది. 2014 నుంచి ఓపెన్ సోర్స్, ఎంఐటీ లైసెన్స్. మీ ఆట మీది, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఇన్‌స్టాల్ కూడా లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేయడమే. మీ ల్యాప్‌టాప్‌కైతే ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ అని ఎంచుకోండి, హాయిగా నడుస్తుంది. క్యాసెట్ బీస్ట్స్ అని 2023లో వచ్చింది, పూర్తిస్థాయి వంతులవారీ ఆర్‌పీజీ. గోడోలోనే చేశారు.

లెవెల్‌ఒకటి

నాదీ ఇదే పరిస్థితి. కూర్చుని చదువుతున్నా, ఎవరూ ఆపకండి.

ట్రిపుల్‌బఫర్

యూనిటీ గురించి నేను చెబుతా, అది నా ఉద్యోగం కాబట్టి.

పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2015, డిస్కో ఎలీజియం 2019, సీ ఆఫ్ స్టార్స్ 2023, మూడూ యూనిటీలో చేసినవే. కాబట్టి చేయగలదా అన్నది ప్రశ్నే కాదు. యూనిటీ ఏదైనా చేయగలదు. ఆర్‌పీజీ అనేది ఒకటుందని మాత్రం దానికి తెలియదు. తెల్ల కాగితం ఇచ్చి కూర్చోబెడుతుంది. నేర్చుకోవాల్సింది సి షార్ప్, అది మంచి భాషే, తర్వాత ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. ఉద్యోగం మీ ఉద్దేశం అయితే యూనిటీ పట్టుకోండి. మీ ఉద్దేశం ఈ కథను ఎవరిచేతైనా ఆడించడం అయితే మొదటి ఆటకు నేను చెప్పను.

ఇంకోటి. 2023 సెప్టెంబరులో వాళ్లు ఇన్‌స్టాల్‌కు ఇంత అని రుసుము ప్రకటించారు, అందరూ భగ్గుమన్నారు, సరిగ్గా ఏడాదికి 2024 సెప్టెంబరులో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఆ భయం లేదు. అయినా చాలామంది అప్పుడు గోడోకు మారి మళ్లీ వెనక్కి రాలేదు.

అన్‌రియల్ సంగతి మీ ల్యాప్‌టాపే తేల్చేసింది. ఆక్టోపాత్ ట్రావెలర్ లాంటివి అందులో చేశారు, నిజమే. మొత్తం రాబడి పది లక్షల డాలర్లు దాటాకే అయిదు శాతం అడుగుతారు, అదీ మంచి షరతే. కానీ ప్రాజెక్టు తెరుచుకునేలోపు మీ గంట అయిపోతుంది.

సొంతఇంజిన్

ఆరేళ్లుగా సి ప్లస్ ప్లస్‌లో సొంత ఇంజిన్ రాస్తున్నాను. నీడలు చాలా బాగా వచ్చాయి. నీటిలో ప్రతిబింబం కూడా ఉంది. ఆట ఇంకా మొదలుపెట్టలేదు.

నా దారిలో రావద్దని చెప్పడానికే లాగిన్ అయ్యాను.

మూడోస్లాట్

గేమ్‌మేకర్ పేరు ఎవరూ ఎత్తలేదేం? అండర్‌టేల్ 2015లో దాంట్లోనే చేశారు కదా. 2023 నుంచి వ్యాపారం కాని పనికి ఉచితం, అమ్ముకోవాలంటే ఒకసారి డబ్బు కట్టాలి. పాత్ర నడక, గోడకు తగిలి ఆగడం లాంటివి ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి. మెనూలు, సంచి, సేవ్ మాత్రం మనమే రాసుకోవాలి, ఆ విషయంలో గోడోకూ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే జీబీ స్టూడియో ఉంది. పాత గేమ్ బాయ్‌కి ఆట తయారు చేస్తుంది, తెర 160 × 144, నాలుగే రంగులు. ఎటూ పెద్దగా చేయలేరు కాబట్టి పూర్తి చేసేస్తారు. నేను మొదటిసారి పూర్తిచేసిన ఆట దాంట్లోదే, ఏడు నిమిషాల ఆట.

చుక్కలబొమ్మ

పిక్సెల్ బొమ్మలు గీస్తుంటాను, కాబట్టి నా గోల వేరు.

బొమ్మలు గీయడం రాదన్నారు కాబట్టి రెడీమేడ్ ప్యాకులే దిక్కు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఒక ప్యాక్ 16 పిక్సెళ్ల టైల్ (మ్యాప్ మీద పరిచే చదరపు ముక్క), ఒకటి 32, ఎంజెడ్ మామూలుగా వాడేది 48. పదహారును మూడింతలు చేస్తే 48 వస్తుంది, చుక్కలు సమానంగా పెరుగుతాయి కాబట్టి బాగానే ఉంటుంది. 32ను ఒకటిన్నర రెట్లు చేస్తే మాత్రం కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా అయి కళ్లు లాగుతాయి. ప్యాక్ దింపుకునే ముందే సైజు చూసుకోండి. చెట్టు ఒక ప్యాక్‌ది, ఇల్లు ఇంకో ప్యాక్‌ది అయితే ఆ ఊరు అతుకుల బొంతలా కనబడుతుంది. నాసిరకం ప్యాక్ అయినా ఫరవాలేదు, మొత్తం ఒకే చేతిదై ఉండాలి. కెన్నీ సైట్‌లోని ప్యాకులు సీసీ0 లైసెన్స్, పేరు వేయక్కర్లేదు, దేనికైనా వాడుకోవచ్చు. మిగతావాటికి లైసెన్స్ చదవండి. ఆర్‌పీజీ మేకర్‌తో వచ్చే బొమ్మలను వేరే ఇంజిన్‌లోకి తీసుకెళ్లేముందు మరీ జాగ్రత్తగా చదవండి.

యుద్ధం పక్కనుంచి కనబడాలా, ఎదురుగానా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఇది శైలి మాత్రమే అనుకుంటారు, కాదు, చాకిరీ. ఎంజెడ్‌లో నడిచే మనిషికి నాలుగు దిక్కులు, దిక్కుకు మూడు ఫ్రేములు (కదలికలో ఒక్కో బొమ్మ), మొత్తం 12. పక్కనుంచి చూసే యుద్ధంలో అదే మనిషికి 18 కదలికలు, ఒక్కోదానికి మూడు, అంటే 54 ఫ్రేములు. ముగ్గురు స్నేహితులకు 162. ఎదురుగా చూసే యుద్ధమైతే శత్రువు బొమ్మ ఒక్కటి, కదలక్కర్లేదు. పాత డ్రాగన్ క్వెస్ట్ 1986లో అలాగే వచ్చింది, ఎవరూ చిన్నచూపు చూడలేదు.

గుహలోదీపం

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. 54 ఫ్రేములు అని చదివాక ఎదురుగా చూసే యుద్ధమే అని నిర్ణయించేసుకున్నా.

ట్రిపుల్‌బఫర్ గారూ, మీరు చెప్పిన లెక్క వేశాను. ఊరికి పది మంది, మనిషికి నాలుగు మాటలు, పన్నెండు ఊళ్లు: 480 మాటలు. ఇందులో కథ లేదు, ఊరికే దారిలో పలకరించేవాళ్లే. నిర్ణయాన్ని బట్టి సగం మంది మాట మార్చాలంటే 700 దాటుతోంది. కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

ఒక ప్రశ్న. మాటలన్నీ తెలుగులో పెట్టాలని ఉంది. ఏ ఇంజిన్‌లో కుదురుతుంది?

నోడ్‌పిచ్చి

మంచి ప్రశ్న, చాలామంది ఆట సగం చేశాక అడుగుతారు. తెలుగులో వత్తులు, గుణింతాలు కలిపి పేర్చడానికి ఇంజిన్ లోపల షేపింగ్ అనే పని జరగాలి. అది లేకపోతే ‘క్ష’ అని రాస్తే క, పొల్లు, ష విడివిడిగా నిలబడతాయి. గోడో 3లో ఆ పని జరగదు. 2023లో వచ్చిన గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీతో ఆ పని జరుగుతుంది, నోటో సాన్స్ తెలుగు ఫాంటు లాగి పడేస్తే అక్షరాలు కుదురుగా వచ్చాయి. యూనిటీలో మామూలుగా అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో దగ్గర నాకు వత్తులు విడిపోయాయి.

పాతసేవ్‌ఫైల్

ఎంజెడ్ లోపల ఉన్నది బ్రౌజరే కాబట్టి అక్షరాలు పేర్చడం దానికి వచ్చు. చిక్కు వేరే చోట ఉంది. డైలాగ్ టైపు కొట్టినట్టు ఒక్కో అక్షరంగా వస్తుంది కదా, అప్పుడు ప్రతి ముక్కనూ విడిగా గీస్తుంది. ‘స్నేహం’లో స ముందు వస్తుంది, పొల్లు తర్వాత వస్తుంది, న వత్తు కిందికి పోకుండా పక్కన కూర్చుంటుంది. దీనికి చిన్న చిట్కా, ప్రతి వరస మొదట్లో బ్యాక్‌స్లాష్, దాని పక్కన గ్రేటర్ దేన్ గుర్తు పెట్టండి. ఆ వరస మొత్తం ఒకేసారి పడుతుంది, వత్తులు కుదురుగా ఉంటాయి. టైపు కొట్టే సొగసు పోతుంది, పోనివ్వండి. పాత ఎంవీలో ఈ చిట్కా పనిచేయదు, అది ఎలాగైనా అక్షరం అక్షరంగానే గీస్తుంది.

ఫాంటు ఫైలును ఫాంట్స్ ఫోల్డర్‌లో పెట్టి, డేటాబేస్‌లో సిస్టమ్ 2 ట్యాబులో పేరు ఇవ్వాలి. వత్తులు కింద కోసుకుపోతుంటే సైజు రెండు మూడు తగ్గించండి.

ట్రిపుల్‌బఫర్

ఇప్పుడు దారికొచ్చారు. పన్నెండు ఊళ్లు మడిచేశారు కాబట్టి చెబుతున్నా. ఒక ఊరు. ఒక గుహ. శత్రువులు నాలుగు రకాలు, చివర్లో ఒక పెద్దది. నిర్ణయం ఒకటే, ముగింపులు రెండు. మొత్తం ఆడితే 20 నిమిషాలు. గంటలు కాదు.

పెద్ద కథను పారేయమనడం లేదు, డైరీలో రాసి పెట్టుకోండి. ఈ చిన్నదాన్ని ఒక తెలియనివాళ్లు మొదటి తెర నుంచి చివరి తెర వరకు మీ సాయం లేకుండా ఆడాలి. అంతవరకు ఏ ఇంజిన్ అయినా ఒకటే, మార్చకండి. ఇంజిన్ మార్చాలనిపించేది ఎప్పుడూ పని విసుగు పుట్టించే చోటే, గమనించండి.

లెవెల్‌ఒకటి

ఆ చివరి మాట నాకే చెప్పినట్టుంది. రెండు నెలల్లో మూడు ఇంజిన్లు మార్చాను. మూడింటిలోనూ మనిషి నడుస్తాడు. నడవడం తప్ప ఏమీ చేయడు.

నోడ్‌పిచ్చి

పాతసేవ్‌ఫైల్ గారికి నేనే ఆయుధం అందిస్తున్నా, నిజాయితీగా చెప్పాలి కాబట్టి.

గోడోలో మొదటి ఆర్‌పీజీ చేసినప్పుడు గాబ్లిన్ అని ఒక శత్రువు. వాడి ప్రాణం 30, దాడి 6, ఇవన్నీ ఒక రిసోర్స్ ఫైల్‌లో రాసుకున్నా. అలా చేయడమే పద్ధతి. యుద్ధంలో ముగ్గురు గాబ్లిన్లు వస్తారు. మొదటివాణ్ణి కొట్టాను, 30 కాస్తా 18 అయింది. రెండోవాడి వంతు వచ్చేసరికి వాడి ప్రాణమూ 18. మూడోవాడిదీ 18. ఒకణ్ణి చంపితే ముగ్గురూ ఒకేసారి పడిపోయారు. బాగానే ఉందిలే అనుకుని తర్వాతి యుద్ధానికి వెళితే గాబ్లిన్లు పుట్టడమే శవాలుగా పుట్టారు.

రిసోర్స్ అనేది ఒక్కటే ఉంటుంది, అందరూ దాన్నే చూస్తారు. ముగ్గురూ ఒకే చీటీ చేతిలో పట్టుకుని ఉన్నారన్నమాట. యుద్ధం మొదట్లో డూప్లికేట్ అని ఒక్క మాట రాసి ఎవరి చీటీ వాళ్లకు ఇవ్వాలి. ఆ ఒక్క మాట కనుక్కోవడానికి నాలుగు రాత్రులు.

ఆ తర్వాత సేవ్. వస్తువులకు నంబర్లు ఇచ్చి డిక్షనరీలో పెట్టి, జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఫైల్‌గా రాశాను. తిరిగి తెరిస్తే సంచి ఖాళీ. ఫైల్ చూస్తే అన్నీ ఉన్నాయి. జేసన్‌లో తాళంచెవులన్నీ (కీలు, విలువను వెతికే పేర్లు) స్ట్రింగులే, అంటే అక్షరాలే. నేను 3 అనే అంకెను పెట్టాను, తిరిగొచ్చింది "3" అనే అక్షరం. నా కోడ్ అంకె 3 కోసం వెతుకుతోంది, దొరకడం లేదు. ఇంకో రెండు రాత్రులు. అప్పటినుంచి వస్తువులకు నంబర్లు ఇవ్వను, "మందుసీసా" అని పేరే పెడతాను.

ఇంకో చిక్కు, వీడియోలు. గోడో 3 నాటి పాఠాలు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. కైనమాటిక్‌బాడీ2డి అని కనబడితే ఆ వీడియో మూసేయండి, 4లో దాని పేరు క్యారెక్టర్‌బాడీ2డి. యీల్డ్ అని కనబడినా మూసేయండి, ఇప్పుడు అవెయిట్.

ఇవన్నీ కష్టాలుగా చెబుతున్నా గానీ, నాకు ఆ ఆరు రాత్రులూ కథ రాసిన రాత్రుల కంటే ఎక్కువ నచ్చాయి. దీపం గారూ, అదే చూసుకోండి. గాబ్లిన్ల గొడవ చదువుతుంటే ‘అబ్బ, భలే ఉంది’ అనిపించిందా, ‘బాబోయ్’ అనిపించిందా?

గుహలోదీపం

బాబోయ్ అనిపించింది.

నోడ్‌పిచ్చి

అయితే ఎంజెడ్. నేను ఓడిపోయా.

సొంతఇంజిన్

నాకు భలే అనిపించింది. నా జబ్బు ఏమిటో ఇప్పుడు అర్థమైంది.

మూడోస్లాట్

ఒక్క నిమిషం, ఎంజెడ్ ఉచితం కాదు కదా. కొత్తవాళ్లను డబ్బు పెట్టి కొనమనడం ఏం న్యాయం? ఆర్‌పీజీ మేకర్ వాళ్లు ఏడాదికోసారి కొత్తది తీసి అమ్ముకుంటారు.

పాతసేవ్‌ఫైల్

ఏడాదికోసారి కాదు. ఎంవీ 2015, ఎంజెడ్ 2020. మధ్యలో అయిదేళ్లు. కోపంలో లెక్కలు మార్చకండి. ట్రయల్ ఉంది, ముందు దాంట్లో ఒక గది కట్టి, ఒక మనిషిని నిలబెట్టి, ఒక యుద్ధం పెట్టి చూసి, నచ్చితేనే కొనమనండి. తగ్గింపు ధరలు కూడా తరచూ వస్తుంటాయి.

నిర్వాహకులు

ఇంజిన్ల యుద్ధానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ అడిగినవారికి సాయం మాత్రమే.

గుహలోదీపం (మూడు వారాల తర్వాత)

ట్రయల్‌తో మొదలుపెట్టి ఎంజెడే ఖాయం చేసుకున్నా. ఊరు అయింది, గుహ సగం అయింది. నిన్న మాత్రం ఏడుపొచ్చింది.

ఆట మొదలవగానే అమ్మమ్మ పాత్ర హీరోను నిద్రలేపి రెండు మాటలు చెప్పాలి. దానికి ఈవెంట్ (మ్యాప్ మీద జరగాల్సిన పని) పెట్టి, ట్రిగ్గర్ (అది ఎలా మొదలవ్వాలో) ఆటోరన్ అని ఇచ్చాను. అమ్మమ్మ లేపింది, మాట్లాడింది, బాగుంది. తర్వాత మళ్లీ లేపింది. మళ్లీ మాట్లాడింది. ఎన్నిసార్లు ఓకే నొక్కినా ‘లే నాన్నా, తెల్లారింది’ అంటూనే ఉంది. హీరో కదలడు, మెనూ రాదు. చివరికి ఆట మూసేయాల్సి వచ్చింది.

పాతసేవ్‌ఫైల్

మా కూటమిలోకి స్వాగతం. ఎంజెడ్ పట్టుకున్న ప్రతివాళ్లూ ఒకసారి ఆ అమ్మమ్మ చేతిలో చిక్కుతారు.

ఆటోరన్ అంటే ‘ఒకసారి నడుపు’ అని కాదు. ‘షరతు నిజంగా ఉన్నంతసేపూ నడుపుతూనే ఉండు, అది ముగిసేదాకా ఆటగాడి చేతులు కట్టేయ్’ అని. మీ ఈవెంట్‌కు షరతే లేదు, కాబట్టి ఎప్పటికీ నిజమే. మాటలు అయిపోయాక చివరి వరసలో సెల్ఫ్ స్విచ్ ఏ (ఆ ఒక్క ఈవెంట్‌కే చెందిన ఆన్/ఆఫ్ గుర్తు) ఆన్ అని పెట్టండి. ఆ తర్వాత ఈవెంట్‌కు రెండో పేజీ తెరిచి, షరతు దగ్గర సెల్ఫ్ స్విచ్ ఏ టిక్ చేసి, ట్రిగ్గర్ యాక్షన్ బటన్ చేసి, ఖాళీగా వదిలేయండి. పేజీలను వెనకనుంచి ముందుకు చూస్తుంది, షరతు కుదిరిన చివరి పేజీనే తీసుకుంటుంది. అమ్మమ్మ ఒకసారి లేపి ఊరుకుంటుంది.

ఇది పెట్టెలకూ అంతే, తలుపులకూ అంతే. ఒకసారే జరగాల్సిన ప్రతిదానికీ రెండో పేజీ ఉండాలి.

గుహలోదీపం

పనిచేసింది! అయితే ఇంకో వింత. గుహ చివర ఉన్న కాపలా రాక్షసుడికి దెబ్బ తగలడం లేదు. ఎన్నిసార్లు కొట్టినా సున్నా. హీరో అటాక్ 16, రాక్షసుడి డిఫెన్స్ 32. గట్టివాడు అనిపించాలని రెట్టింపు ఇచ్చాను.

ట్రిపుల్‌బఫర్

సరిగ్గా రెట్టింపు ఇచ్చారు కాబట్టే సున్నా. మామూలు దాడికి దాంట్లో ఉండే సూత్రం: అటాక్ × 4 − డిఫెన్స్ × 2. మీది 64 − 64. డిఫెన్స్ 20 చేస్తే దెబ్బకు 24 పడుతుంది. వాడి ప్రాణం 300 అనుకుంటే ఒక్కరే కొడితే 13 దెబ్బలు, ముగ్గురైతే నాలుగైదు వంతులు.

అయితే ఈ తీసివేత సూత్రంతో చిక్కు ఉంది. అటాక్ 8 ఉన్న మంత్రగత్తె కొడితే 32 − 40, మళ్లీ సున్నా. బలవంతుడికి అంతా, బలహీనుడికి ఏమీ లేదు. స్కిల్స్ ట్యాబులో అటాక్ సూత్రం మార్చుకోవచ్చు. అటాక్ × అటాక్ ను, అటాక్ + డిఫెన్స్ తో భాగించండి. హీరోకు 7, మంత్రగత్తెకు 2 వస్తాయి. అంకెలు చిన్నవి కాబట్టి ప్రాణాలు కూడా తగ్గించుకోవాలి, కానీ ఎవరి దెబ్బా వృథా పోదు. అంకెలు ముందు ఏదైనా స్ప్రెడ్‌షీట్‌లో వేసుకుని, ఆ తర్వాతే డేటాబేస్‌లో ఎక్కించండి.

చుక్కలబొమ్మ

ఆ రాక్షసుడి బొమ్మ ఎవరిది? ప్యాక్‌లోదైతే ఉంచండి. లేదంటే నేనొకటి గీసిస్తా, ఎదురుగా చూసేదే కదా, ఒక్క ఫ్రేమ్.

గుహలోదీపం (రెండు నెలల తర్వాత)

అయిపోయింది. ఒక ఊరు, ఒక గుహ, రెండు ముగింపులు. నేను ఆడితే 14 నిమిషాలు, మొదటిసారి ఆడిన స్నేహితురాలికి 31 నిమిషాలు పట్టింది. ఆమె గుహ ద్వారం దగ్గర అయిదు నిమిషాలు తిరిగింది, అది తలుపని తెలియలేదట. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. చుక్కలబొమ్మ గారి రాక్షసుడు ఆటలో అన్నిటికంటే బాగున్నాడు.

బ్రౌజర్‌లో ఆడేలా ఇచ్ డాట్ ఐఓ అనే ఆటల సైట్‌లో పెట్టాను. మొదట నా దగ్గర నడిచి, అక్కడ సగంలో ఆగిపోయింది. చూస్తే బొమ్మ ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది, ప్లగిన్‌లో చిన్నది రాశాను. విండోస్ పట్టించుకోలేదు, సర్వర్ పట్టించుకుంది. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా. మీరంతా ఆడి తిట్టండి.

నోడ్‌పిచ్చి

ఆడాను. రెండు ముగింపులూ చూశాను. నిర్ణయం దగ్గర నిజంగానే ఆగి ఆలోచించాను, అది పెద్ద విషయం. నీలం కిటికీ మాత్రం మార్చలేదు కదూ!

లెవెల్‌ఒకటి

నేనూ ఆడాను. నాలుగో ఇంజిన్ డౌన్‌లోడ్ సగంలో ఉండగా ఆపేశాను.

పాతసేవ్‌ఫైల్

బాగుంది. ఒకటే చెప్పాలి. రాక్షసుణ్ణి చంపి, ఊరికి వచ్చి అమ్మమ్మతో మాట్లాడి, సరదాగా మళ్లీ గుహలోకి వెళ్లాను. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు.

గుహలోదీపం

రెండో పేజీ.